తుడిచింది పాతదాన్నే

ఆ వీధిలో ఎవరి కంప్యూటరైనా మొరాయిస్తే ముందు మీట నొక్కి చూస్తారు, తరవాత పక్కన ఓ చరుపు చరుస్తారు, అప్పటికీ దారికి రాకపోతే చంకనేసుకుని డిస్కు మాస్టారి దగ్గరికి తెస్తారు. మాస్టారంటే బళ్ళో పాఠాలు చెప్పినాయనేం కాదు. చెడిపోయిన హార్డ్ డిస్కుని చెవి దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని, "ఇంకా ప్రాణం ఉంది" అనో "ఆశ వదులుకోండి" అనో తేల్చి చెబుతాడని ఎవరో పెట్టిన పేరు. పెట్టినవాడెవడో ఎవరికీ తెలీదు గానీ పేరు మాత్రం అంటుకుపోయింది. సొంత కోడలు కూడా ఫోన్లో షాపు గుర్తు చెప్పాల్సొస్తే "డిస్కు మాస్టారి షాపండీ" అనే అంటుంది.

షాపు సన్నగా, పొడుగ్గా ఉంటుంది. వీధి వైపు గాజుబల్ల వెనక కోడలి కుర్చీ. లోపల ట్యూబులైటు కింద, రబ్బరు చాప పరిచిన బల్ల మామగారిది. ఇక్కడ గొణిగిన మాట అక్కడ వినపడుతుంది, అంత ఇరుకు. కోడలికి పని వచ్చిందంటే ఆయన నేర్పబట్టే. ఇప్పుడు సగానికి పైగా రిపేర్లు ఆమే చేస్తుంది, ప్రింటర్ల జోలికైతే ఆయన అసలు రాడు. "సిరా వ్యవహారం నాకు పడదమ్మాయ్, అది నీది" అంటాడు.

ఏ పెట్టెనైనా విప్పే ముందు ఆయన దాని ఇనుముని అరచేత్తో ఓసారి తాకుతాడు. ఒంట్లో కరెంటేదైనా ఉంటే దిగిపోవడానికి. కొత్తవాళ్ళు చూసి దణ్ణం పెడుతున్నాడనుకుంటారు. విప్పిన స్క్రూ మరల్ని విప్పిన వరసలోనే డబ్బా మూతలో పేరుస్తాడు, బిగించేటప్పుడు చివరిదాంతో మొదలెట్టి వెనక్కి వస్తాడు. పని అయ్యాక బల్ల మీద ఓ మర మిగిలిపోవడమన్నది కోడలు ఎన్నడూ చూడలేదు.

అయితే ఈ మధ్య ఇంట్లో కొన్ని జరిగాయి. కళ్ళజోడు నెత్తిమీద పెట్టుకుని ఇల్లంతా వెతికాడు. పొయ్యి మీద పాలు పెట్టి, పేపర్లో తలదూర్చి, గిన్నె మాడబెట్టాడు. ఇలాంటివి కోడలూ చేస్తుంది. ఆమె మొగుడైతే బస్సు నడిపే ఉద్యోగం వెలగబెడుతూ కూడా రోజూ ఇంటి తాళాలు మర్చిపోతాడు. వాళ్ళు చేస్తే అది పరాకు. తల నెరిసినాయన చేసేసరికి మొగుడూ పెళ్ళాం ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మొదలుపెట్టారు. ఓసారి చూడ్డం అలవాటైతే ఇక ప్రతిదీ కనపడుతూనే ఉంటుంది.

ప్లాన్ల మేడమ్ కంప్యూటర్ వచ్చింది సరిగ్గా ఆ రోజుల్లోనే.

ఆవిడ ఇళ్ళకీ కొట్లకీ ప్లాన్లు గీస్తుంది. వీధి చివర మేడ మీద ఆఫీసు. పోయిన ఏడాది ఆవిడ మిషను నత్తలా నడుస్తోందంటే కోడలే అందులో రెండో డిస్కుగా సన్నటి వేగం డిస్కొకటి పెట్టి, సిస్టమంతా దాంట్లోకి ఎక్కించింది. గీసిన ప్లాన్లు మాత్రం పాత డిస్కులోనే ఉండిపోయాయి. ఇప్పుడా పాత డిస్కు మూలగడం మొదలుపెట్టింది.

"ప్లాన్లన్నీ ఈ కొత్తదాంట్లోకి మార్చేసి, పాతదాన్ని శుభ్రంగా తుడిచి నా చేతికివ్వండి" అంది మేడమ్, కొనుక్కొచ్చిన డిస్కు బల్ల మీద పెడుతూ. "జనం ఇళ్ళ ప్లాన్లు. పడగ్గది ఎటుందో, బీరువా ఎక్కడ పెట్టుకుంటారో అన్నీ ఉంటాయి అందులో. ఎవడి చేతిలోనూ పడకూడదు. సాయంత్రం నాకు మిషను కావాలి, రేపు పొద్దున్నే ఓ ఆఫీసులో ప్లాను ఇవ్వాలి."

"మీరు వెళ్ళిరండమ్మా, అయిపోతుంది" అన్నాడు మామగారు.

ఆ పని ఆయనే చేశాడు. కోడలు ముందు బల్ల మీద ఓ ప్రింటరు పొట్ట విప్పుకుని కూర్చుంది. వెనకనుంచి ఆయన మాటలు వినపడుతూనే ఉన్నాయి. చేసే పని పైకి చెప్పుకోవడం ఆయనకి అలవాటు. తన పెన్‌డ్రైవ్‌తో మిషను లేపాడు. "ప్లాన్లు ఇటు వచ్చేశాయ్... ఓ పది తెరిచి చూద్దాం... బాగున్నాయ్." కాసేపటికి, "ఇక నిన్ను కడిగేస్తా, మూలిగింది చాల్లే" అని పాత డిస్కుతో సరసం. తరవాత మరల చప్పుడు.

మేడమ్ వచ్చేసరికి పెట్టె మూసి, తుడిచి, సిద్ధంగా ఉంది. పాత డిస్కు రబ్బరు చాప మీద ఉంది. మామగారు మీట నొక్కాడు. ఫ్యాను తిరిగింది. తెర వెలిగి, నల్లబడి, పైన ఒకే ఒక్క తెల్ల గీత రాత పడింది. లేపడానికి తగిన డిస్కేదీ దొరకలేదని దాని అర్థం.

ఆయన కట్టేసి మళ్ళీ నొక్కాడు. మళ్ళీ అదే రాత.

"ఏమైంది?" అంది మేడమ్.

"ఏం లేదమ్మా. ఉండండి." ఆయన సెట్టింగుల పేజీలోకి వెళ్ళాడు. వేగం డిస్కు పేరు ఉంది, కొత్త డిస్కు పేరు ఉంది. ఏది ముందు లేపాలో చెప్పే వరస మాత్రం ఖాళీగా ఉంది. ఆయన కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూశాడు.

"పాత డిస్కు తీశాక ఇలా రావడమంటే..." అంటూ ఆగి, కోడలి వైపు తిరిగాడు. "అమ్మాయ్, పోయినేడు దీనికి సిస్టమ్ ఎక్కించినప్పుడు నువ్వు..."

"మామయ్యా, ఇప్పుడు పోయినేటి సంగతులెందుకు? మేడమ్‌కి తొందరగా ఉంది" అంది కోడలు, లేచి వచ్చి.

"మీరు తుడిచింది ఏ డిస్కుని?" మేడమ్ గొంతు మారింది.

"పాతదాన్నేనమ్మా. తుడిచింది పాతదాన్నే."

"మరైతే సిస్టమ్ ఎక్కడికి పోయింది? ప్లాన్లు గీసే ప్రోగ్రామ్ లైసెన్సు ఈ మిషనుకే కట్టి ఇచ్చారు నాకు. అది పోతే మళ్ళీ తెచ్చుకునేసరికి నా పని గంగలో కలుస్తుంది. తుడిచింది పాతదాన్నేనని మీకు కచ్చితంగా గుర్తుందా?"

తెర మీద డిస్కులన్నీ ఒకే వరసలో, ఒకే రంగు పలకలుగా కనిపిస్తాయి. కన్ను ఒక్క వరస కిందికి జారితే ఒకటి తుడవబోయి ఇంకోటి తుడవచ్చు. ఈ వృత్తిలో ఉన్నవాళ్ళందరికీ కల్లోకి వచ్చే భయం అదే. మామగారు నోరు తెరిచాడు. చాప మీదున్న పాత డిస్కుని చూశాడు, పెట్టె వైపు చూశాడు. ఎప్పుడూ అడిగీ అడగ్గానే జవాబు చెప్పే మనిషి, ఒక్క రెప్పపాటు ఆగాడు.

ఆ రెప్పపాటే కోడలి చేత ఆ మాట అనిపించింది.

"ఏమీ అనుకోకండి మేడమ్. మా మామయ్యకి ఈ మధ్య మతిమరుపు వచ్చింది. తప్పు మాదే, మీ పని ఆయనకి ఇవ్వకుండా ఉండాల్సింది. నేను సరిచేసిస్తాను, కాస్త టైమివ్వండి."

షాపు పేరు నిలబెట్టాలనే అంది. ఆవిడ వీధిలో అందరికీ ప్లాన్లు గీసే మనిషి. ఆవిడ నోటంట ఓ మాట జారితే ఇక ఇటువైపు ఎవరూ రారు. అదంతా నిజమే. కానీ చెప్పేటప్పుడు ఆమె వీపు మామగారి వైపు ఉంది, ఆయన అక్కడ లేనట్టే.

"టైము ఎక్కడిదమ్మా నా దగ్గర!" మేడమ్ వైర్లు తనే పీకేసింది. చాప మీది పాత డిస్కుని తీసి సంచిలో వేసుకుంది.

"అమ్మా, ఆ పాతది ఒక్కసారి తగిలించి చూస్తే తెలిసిపోతుంది" అన్నాడు మామగారు. "అది ఖాళీగా ఉంటే నేను తుడిచింది దాన్నే. ఒక్క నిమిషం పని."

"మీరింక దేన్నీ ముట్టుకోకండి" అంది ఆవిడ. ఆయన సాచిన చెయ్యి అలాగే కాసేపు గాల్లో ఉండి, తరవాత బల్ల మీదికి దిగింది. ఆటోవాడు వచ్చి మిషను మోసుకుపోయాడు.

కోడలు ప్రింటరు దగ్గరికి వెళ్ళి కూర్చుంది. వెనకనుంచి ఏ మాటా వినపడలేదు. చాలాసేపటికి తిరిగి చూస్తే, ఆయన రబ్బరు చాపని తడిగుడ్డతో తుడుస్తున్నాడు. తుడిచిన చోటే తుడుస్తున్నాడు.

మర్నాడు ఆయన షాపుకి వచ్చాడు. బల్ల దగ్గర కూర్చున్నాడు గానీ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. అంతకు ముందు రోజు విప్పిన ఓ లాప్‌టాప్ ఎదురుగా ఉంది. కోడలు చూసి చూసి, "మామయ్యా, దాని ఫ్యాను మార్చాలి కదా" అంది.

"నువ్వు ఓసారి పక్కన నిలబడతావా?" అన్నాడు ఆయన.

నిలబడింది. ప్రతి మర దగ్గరా ఆగి, "ఇదేనా?" అన్నట్టు ఆమె మొహం చూశాడు. ఆమె తలూపితేనే తిప్పాడు. ఈయన దగ్గరే కదా తను మర అంటే ఏమిటో, దాన్ని ఎంత బిగించాలో నేర్చుకుందని ఆమెకి గుర్తొచ్చింది. అయినా ఆమె మనసు ఇంకోటి కూడా అంది: చూశావా, మనం అనుకున్నది నిజమే, మనిషి జారిపోతున్నాడు.

మధ్యాహ్నం పక్క కొట్టు టైలరు ఓ పెన్‌డ్రైవ్ పట్టుకుని నేరుగా లోపలికి వెళ్ళాడు. అతనికి మొదట్నించీ మాస్టారి దగ్గరే చనువు.

"మాస్టారూ, పిల్లదాని ఫోటోలు తెరుచుకోవట్లేదు, ఇదేం చచ్చిందో చూడండి."

"నన్నడక్కు బాబూ" అన్నాడు మామగారు నవ్వుతూ. "నాకు ఈ మధ్య మతిమరుపు వచ్చింది. మా అమ్మాయినడుగు."

టైలరు అది జోకనుకుని పెద్దగా నవ్వాడు. కోడలికి తల కొట్టేసినట్టయింది. ఆయన ఆ మాటని కోపంగా అని ఉంటే బాగుండేది. దెప్పినట్టు అన్నా సరిపోయేది, తను పడేది. డాక్టరు చెప్పిన జబ్బు పేరు చెప్పినట్టు, మామూలుగా చెప్పాడు.

ఆ సాయంత్రం మొగుడికి జరిగింది చెప్పింది. తను అన్న మాట ఒక్కటీ మింగేసి, మిగతాదంతా చెప్పింది. అతను బూట్లు విప్పుకుంటూ విన్నాడు.

"నేను చెబుతూనే ఉన్నానా? నాన్నని ఇంట్లో కూర్చోబెడదామని. ఇవాళ డిస్కు, రేపు ఇంకేదో కరెంటు వైరు పట్టుకుంటాడు."

"ఇంట్లో ఏం తోస్తుందండీ ఆయనకి?"

"ఏం తోచడానికేముంది, హాయిగా టీవీ చూస్తాడు. అడగటం ఎలాగా అని ఆలోచిస్తున్నా."

అడగాల్సిన అవసరం రాలేదు. పొద్దున్న కోడలు చెప్పులు వేసుకుంటుంటే మామగారు షాపు తాళంచెవుల గుత్తిలో తన వాటా కూడా తీసుకొచ్చి ఆమె చేతిలో పెట్టాడు. "నువ్వు వెళ్ళమ్మా. నేను ఇంటిపట్టున ఉంటాను" అన్నాడు. కొడుకు గుండె మీంచి బరువు దిగినట్టు ఊపిరి వదిలాడు. కోడలికీ ఆ క్షణంలో కాస్త తేలిగ్గానే అనిపించింది. ఆ తేలిక గుర్తొచ్చినప్పుడల్లా తరవాత ఆమెకి తనమీద తనకే అసహ్యం వేసింది.

ఇంట్లో ఆయన మారిపోవడానికి ఎక్కువ రోజులు పట్టలేదు. పొయ్యి కట్టి, హాల్లోకి వచ్చి, మళ్ళీ వెళ్ళి చూసేవాడు. కుళాయి కట్టి చూసేవాడు. "ఇందాక నేను బిళ్ళ వేసుకున్నానా?" అని అడిగేవాడు. ఆమె కళ్ళముందే వేసుకుని ఉంటాడు. "వేసుకున్నారు మామయ్యా" అంటే, "అయితే సరే" అని వెళ్ళేవాడు. పరాకు మనిషి అలా వెనక్కి వెనక్కి చూసుకోడు. నమ్మకం పోయిన మనిషి చూసుకుంటాడు. ఆ తేడా కనిపెట్టే తెలివి ఆ ఇంట్లో అప్పటికి ఎవరికీ లేదు. మొగుడు మాత్రం, "చూశావా, ఎంత తొందరగా ముదురుతోందో, నయం మనం ముందే మేలుకున్నాం" అన్నాడు.

వారం తిరక్కముందే ప్లాన్ల మేడమ్ మళ్ళీ వచ్చింది. మిషను ఆటోలో దించి, మొహం పక్కకి తిప్పుకుని నిలబడింది. అవసరం పడితే గానీ రాని మనిషి, అవసరం పడింది.

"వేరే షాపులో ఇచ్చాను. వాడు మూత కూడా తియ్యకుండా, తెర చూసి, సిస్టమ్ పోయింది, మళ్ళీ కొత్తగా ఎక్కించాలన్నాడు. ఎక్కిస్తే నా ప్రోగ్రామ్ లైసెన్సు పోతుందట. అరువు మిషను మీద పని చేసుకుంటున్నాను ఇన్నాళ్ళూ. తుడిచేసిన దాంట్లోంచి ఏమన్నా వెనక్కి తీసుకురాగలరేమో చూడండి. మీరు మాత్రమే చూడండి." చివరి మాట నొక్కి అంది. సంచిలోంచి పాత డిస్కు కూడా తీసి పెట్టింది. "ఇదీ మీ దగ్గరే ఉంచండి, దీని మొహం చూడాలంటేనే ఒళ్ళు మండుతోంది."

కోడలు మిషనుని లోపలి బల్ల మీద పెట్టింది. ముందుగా పాత డిస్కుని తన మిషనుకి తగిలించింది. ఎందుకు దాన్నే ముందు తీసిందంటే, ఆ రోజు మామగారు అడిగింది అదొక్కటే కనక.

డిస్కు ఖాళీగా ఉంది. ఒక్క ప్లాను లేదు, ఒక్క అక్షరం లేదు. ఓ మూలనుంచి ఇంకో మూలకి శుభ్రంగా కడిగిన పళ్ళెంలా ఉంది.

ఆమె వెంటనే వేగం డిస్కు విప్పి తగిలించింది. సిస్టమ్ ఉంది. ప్రోగ్రాములు ఉన్నాయి. మేడమ్ ఉత్తరాలు, వాళ్ళబ్బాయి పుట్టినప్పటి ఫోటోలు, ఏదీ చెక్కుచెదరలేదు. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. ఆయన తుడిచింది పాతదాన్నే.

మరి లేవదేం? డిస్కులో భాగాలు చూపించే పేజీ తెరిచింది. ఉండాల్సినవి రెండు భాగాలు. సిస్టమ్ ఉండే పెద్దదొకటి, మీట నొక్కగానే దాన్ని తట్టి లేపే చిన్నదొకటి. వేగం డిస్కులో పెద్దదే ఉంది. చిన్నది లేదు. ఎవరో తుడిస్తే పోయింది కాదు, మొదట్నించీ అక్కడ లేదు.

అప్పుడు పోయిన ఏడాది మధ్యాహ్నం మొత్తం ఆమె కళ్ళకి కట్టింది. మామగారు పని నేర్పేటప్పుడు మరీ మరీ చెప్పిన మాట ఒకటుంది: రెండో డిస్కు పెట్టి దాంట్లోకి సిస్టమ్ ఎక్కించేటప్పుడు, మొదటి డిస్కు వైరు పీకెయ్యాలి. పీకకపోతే అది సిస్టమ్‌ని కొత్తదాంట్లో పెట్టి, లేపే ముక్కని మాత్రం పాతదాంట్లో పడేస్తుంది. రెండూ కలిసి ఉన్నన్నాళ్ళూ ఎవరికీ తెలీదు. పాతది తీసేసిన రోజున కొత్తది లేవదు. ఆ మధ్యాహ్నం ఈ మేడమ్ నెత్తిమీద నిలబడి తొందరపెడుతోంది. వైరు ఓ మూలకి ఇరుక్కుని ఉంది, వేళ్ళు పట్టలేదు. ఏమవుతుందిలే అనుకుంది కోడలు. ఇల్లు కొత్త స్థలంలో కట్టి, తలుపు పాత స్థలంలో వదిలేసింది. మామగారు తుడిచిన పాత డిస్కుతో పాటు ఆ తలుపు కూడా పోయింది. అది అక్కడుందని ఆయనకి ఎలా తెలుస్తుంది? తన కోడలు వైరు పీకే ఉంటుందని ఆయన నమ్మాడు.

'పోయినేడు దీనికి సిస్టమ్ ఎక్కించినప్పుడు నువ్వు...' ఆ ప్రశ్న సగంలో ఉండగానే తను నోరు మూయించింది. పూర్తి చెయ్యనిచ్చి ఉంటే ఆ నిమిషంలోనే తేలిపోయేది.

సరిచెయ్యడానికి ఎంతోసేపు పట్టలేదు. వేగం డిస్కు చివర కాస్త చోటు చేసి, చిన్న భాగమొకటి కట్టి, లేపే ముక్కని దాంట్లో రాయించింది. మీట నొక్కితే మిషను మామూలుగా లేచింది. తెర మీద మేడమ్ కట్టించుకోబోయే ఇంటి బొమ్మ నవ్వుతూ నిలబడింది. ఆ ప్రోగ్రామ్ తెరుచుకునేసరికి మేడమ్ రెండు చేతులూ గుండెల మీద పెట్టుకుంది.

"అమ్మయ్య! మీరు దేవతండీ. తుడిచేసిన దాన్ని వెనక్కి తెచ్చారు."

"తుడవలేదు మేడమ్. మా మామయ్య చేసిందంతా సరిగ్గానే చేశారు. తప్పు నాది. పోయినేడు నేను రెండో డిస్కు పెట్టినప్పుడు ఓ వైరు పీకకుండా సిస్టమ్ ఎక్కించాను. దానివల్ల వచ్చిందిదంతా."

మేడమ్ ఆమె వైపు కాసేపు చూసింది. ఆవిడ కళ్ళలో కోపం రాలేదు. వాత్సల్యం వచ్చింది. అది ఇంకా ఘోరంగా ఉంది.

"మీలాంటి కోడలు దొరకడం ఆయన అదృష్టం" అంది, ఆమె భుజం మీద చెయ్యి వేసి. "ఆ రోజు నేనూ కాస్త గట్టిగానే మాట్లాడాను, పెద్దాయన్ని. మనసులో పెట్టుకోవద్దని చెప్పండి."

"కాదు మేడమ్, నేను నిజం చెబుతున్నాను. కావాలంటే చూపిస్తాను..."

"నాకు అర్థమైందమ్మా. నా దగ్గర మీరేం దాచక్కర్లేదు, మా నాన్నగారూ చివర్లో ఇలాగే అయ్యారు. కాకపోతే ఒక్క మాట. ఆయన్ని మళ్ళీ వైర్ల దగ్గరికి రానివ్వకండి, ఆయనకే మంచిది."

అబద్ధం చెప్పిన రోజు ఆవిడ ఎదురు ప్రశ్న వెయ్యలేదు. నిజం చెబుతుంటే నమ్మట్లేదు. కోడలి నోట్లో మాట నోట్లోనే ఉండగా ఆటో కదిలిపోయింది.

ఆమె షట్టరు సగం పొద్దుకే దించేసింది. పాత డిస్కుని చేతిసంచిలో వేసుకుని ఇంటికి నడిచింది. దారి పొడుగునా మాటలు కూర్చుకుంది. ఎక్కడ మొదలుపెట్టాలి, ఏది ముందు చెప్పాలి, ఏది దాచకూడదు.

మామగారు హాల్లో చాప మీద కూర్చుని, దండెం మీంచి తెచ్చిన బట్టలు మడత పెడుతున్నాడు. కొడుకువి ఒక దొంతర, కోడలివి ఒక దొంతర, తనవి ఒక దొంతర.

"అదేంటమ్మాయ్, ఇంత పొద్దుండగానే?" అన్నాడు.

ఆమె చెప్పులు విప్పకుండానే ఆయన ఎదురుగా కూలబడింది. కూర్చుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. "మామయ్యా, తప్పు నాది" అంది. ఆ తరవాత ఏదీ దాచలేదు. వైరు సంగతి చెప్పింది. వేగం డిస్కు చెక్కుచెదరలేదని చెప్పింది. ఆ చిన్న భాగం పాతదాంట్లో పడి ఉండటం చెప్పింది. మతిమరుపని మేడమ్ ముందు అన్నందుకు క్షమించమంది. సంచిలోంచి డిస్కు తీసి ఆయన చేతిలో పెట్టింది.

ఆయన శ్రద్ధగా విన్నాడు. షాపులో కస్టమరు చెప్పేది విన్నట్టే, మధ్యలో అడ్డు రాకుండా విన్నాడు.

"వైరు పీకలేదా?" అన్నాడు.

"పీకలేదు."

"ఎందుకని?"

"మూలకి ఇరుక్కుంది. ఆవిడ నెత్తిమీద నిలబడి ఉంది. ఏమవుతుందిలే అనుకున్నాను."

"ఊఁ. అలా చేస్తే లేపే ముక్క పాతదాంట్లో పడుతుంది. అవును. సెట్టింగుల్లో వరస ఖాళీగా ఉండటానికీ అది సరిపోతుంది." ఆయన కొంచెం ముందుకి వంగాడు. అన్ని రోజుల తరవాత ఆ కళ్ళలోకి ఆ పాత చురుకు వచ్చింది. ఒక్క అడుగు, ఇంకొక్క అడుగు వేస్తే ఆయన ఒడ్డుకి వచ్చేస్తాడు.

ఆయన డిస్కుని అటూ ఇటూ తిప్పాడు. "ఇది ఖాళీగా ఉందా?"

"ఉంది మామయ్యా. మీరు తుడిచింది దీన్నే. ఆ రోజు మీరు అన్నదే నిజం."

"ఇప్పుడు ఖాళీగా ఉంది. ఎప్పుడు ఖాళీ అయిందో ఇది చెప్పదు కదమ్మా."

ఆమెకి వెంటనే అర్థం కాలేదు.

"నేను తుడిచినా ఇలాగే ఉంటుంది, ఇవాళ పొద్దున నువ్వు తుడిచినా ఇలాగే ఉంటుంది" అన్నాడు మెల్లగా. "అంత నేర్పుగా కట్టుకొచ్చావు కథ. ఎక్కడా అతుకు కనపడట్లేదు. నీకు నేర్పింది నేనే కదా, నాకు తెలీదా నీ పనితనం."

"మామయ్యా, ఒట్టు. కథ కాదు. మీరే ఆ రోజు అడగబోయారు. పోయినేడు సిస్టమ్ ఎక్కించినప్పుడు నువ్వు... అని నన్ను అడగబోతే నేనే అడగనివ్వలేదు. గుర్తు తెచ్చుకోండి."

ఆయన నిజంగానే గుర్తు తెచ్చుకోబోయాడు. నుదురు ముడిపడింది, పెదాలు కదిలాయి. తరవాత తల అడ్డంగా ఊపాడు.

"అడిగానంటావా? ఏమోనమ్మా. నాకు గుర్తులేదు."

కోడలు రెండు చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చేసింది. ఆయన డిస్కు పక్కన పెట్టి, ఆమె తల మీద చెయ్యి వేశాడు.

"పిచ్చిదానా, ఏడవకు. నా కోసం నువ్వు ఇంత దూరం ఆలోచించావు చూడు, అది చాలు నాకు. నా కూతురైనా ఇంత చెయ్యదు. కానీ ఇంకెక్కడా ఈ మాట అనకు. తప్పు నాదని ఆవిడ దగ్గర కూడా అన్నావేమో, నీ తీరు చూస్తే అనే ఉంటావు. అలా అనకూడదు. షాపు ఇప్పుడు నీ చేతిమీద నడవాలి. నీ చెయ్యి తప్పు చేస్తుందని జనం అనుకుంటే కష్టం. నాదంటావా, నాదేముంది, నా పనైపోయింది."

ఆమె ఇంకేదో అనబోయింది. ఏమన్నా అది ఆయనకి ఇంకా మంచితనంలాగే కనపడుతుందని తెలిసి ఆగిపోయింది. మామగారు మళ్ళీ బట్టల వైపు తిరిగాడు. తువ్వాలు మడిచి కొడుకు దొంతర మీద పెట్టాడు. ఓ గళ్ళ చొక్కా తీసి, దులిపి, ఎదురుగా పట్టుకుని చూశాడు. ఎన్నో ఏళ్ళుగా ఆయన తొడుక్కుంటున్న చొక్కా అది.

"ఇది ఎవరిదమ్మాయ్, వాడిదా, నాదా?"

"మీదే మామయ్యా."

ఆయన చొక్కా దించి ఆమె మొహంలోకి చూశాడు. ఇది కూడా తన మనసు కోసం చెబుతోందేమో తేల్చుకోలేనట్టు, కాసేపు అలాగే చూశాడు. తరవాత ఆ చొక్కాని మడిచి, ఏ దొంతర మీదా పెట్టకుండా, ఒడిలో పెట్టుకుని కూర్చున్నాడు.